పై బోర్డు మీద అత్తయ్య

ఫిబ్రవరి 4, బుధవారం

మేనేజర్ పిలిచాడు. స్విమ్మింగ్ పూల్ మూసేస్తారట. పూల్ నడిపే మున్సిపల్ ఆఫీసు వాళ్లు దాన్ని పూడ్చి, పైన కాంక్రీటు పోసి, కార్ల పార్కింగ్ చేస్తారట. ఇంకా ఖాయం కాలేదు. ఏప్రిల్ నెలాఖరుదాకా జనం ఎంతమంది వస్తున్నారో చూసి తేలుస్తారట.

జనం ఎక్కడున్నారు? పొద్దున మోకాళ్ల నొప్పులకి నీళ్లలో నడిచే పెద్దవాళ్లు కొందరు. అందులో మా అత్తయ్య ఒకరు. సాయంత్రం కాలేజీ పిల్లలు నలుగురైదుగురు. మధ్యాహ్నమంతా టికెట్ కిటికీలో నేను, గట్టు మీద లైఫ్‌గార్డ్. అతన్ని అందరం ఈల అంటాం. నీళ్లలో ఎవరూ లేకపోయినా ఊదుతుంటాడు కాబట్టి.

వెళ్లిపోతుంటే మేనేజర్ వెనక నుంచి అన్నాడు, ఎలాగూ పొద్దస్తమానం ఆ ఫోన్లోనే ఉంటావు కదమ్మా, దాంతో ఏదన్నా చెయ్యరాదూ అని. తిట్టాడో, పని చెప్పాడో తెలీలేదు. పని చెప్పాడనే అనుకున్నా.

ఫిబ్రవరి 7

పూల్ పేరుతో మొదటి వీడియో పెట్టా. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో పనిచేసినదాన్ని, అది మూతపడ్డాకే ఈ కిటికీలో కూర్చున్నా. చేతిలో పని ఎక్కడికీ పోలేదు. నీళ్లు స్లో మోషన్లో. మెరుపులు. జూమ్. బీట్ పడ్డప్పుడల్లా కట్.

చూసినవాళ్లు: అత్తయ్య, మా ఆయన, ఈల. ఈల తన రెండో ఫోన్లోంచి కూడా చూశాడట. మంచి మనసు.

ఫిబ్రవరి 15

AI టూల్‌తో పూల్లోకి తిమింగలాన్ని దించా. మూల నుంచి తోక లేస్తుంది, ఈల మీద నీళ్లు పడతాయి, ఈల ఊదుతాడు. పనిలోపనిగా టోపీ కూడా ఎగరగొట్టా. బాగా వచ్చింది. ఫోన్లలో బాగా తిరిగింది కూడా.

సాయంత్రం ఒకాయన చిన్నపాపని ఎత్తుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. తిమింగలం ఏ టైముకి వస్తుందని అడిగాడు. నిజంగా కాదు సార్, ఎఫెక్ట్ అన్నా. ఆయనకి అర్థమైంది. పాపకి కాలేదు. గుక్కపట్టి ఏడ్చింది. నా మొహం మాడిపోయింది.

ఫిబ్రవరి 16

తిమింగలం కోసం ఇంకో కుటుంబం.

ఫిబ్రవరి 17

ఆఫీసుకి ఎవరో కంప్లైంట్ రాశారు. మేనేజర్ క్లాస్ పీకాడు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించొద్దన్నాడు. నేను తలూపి లేస్తుంటే, పోనీ కొంచెం చిన్న చేప పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. చచ్చేంత నవ్వొచ్చింది. ఆపుకున్నా.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఇది రాయకుండా ఉండలేను.

లోతు వైపు కింద ఒక డైవింగ్ బోర్డు, దానికి చాలా పైన ఇంకొకటి ఉన్నాయి. పైదాని మెట్లకి గొలుసు కట్టేసి ఎన్నేళ్లైందో. దాని మీంచి ఒక పెద్దావిడ దూకినట్టు AI తో చేస్తే సరదాగా ఉంటుంది కదా అనుకున్నా. తిమింగలమైతే మోసం, ఇది జోకే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నా. అత్తయ్య నీళ్లలో నడుస్తున్న ఫొటో ఒకటి టూల్‌కి ఇచ్చా. అరవై ఏడేళ్ల ఆవిడ అని రాసినా వినదే. ముడతలన్నీ ఇస్త్రీ చేసి, నడుం సన్నం చేసి, ముప్పై ఏళ్ల మోడల్ని దింపింది. పదిసార్లు బతిమాలితే కాస్త అత్తయ్య పోలిక వచ్చింది.

టీ తాగుతూ చూసుకుంటుంటే అత్తయ్య వెనకే నిలబడ్డారు. కళ్లజోడు పెట్టుకుని, ఈమెవరే అన్నారు. మీరే అత్తయ్యా అన్నా. కోప్పడతారనుకున్నా. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ చూశారు. మళ్లీ. తర్వాత చాలా మామూలుగా అన్నారు, కాలి వేళ్లు అలా విడిపోయి, తల ఎత్తి దూకితే నీళ్లు చెంపదెబ్బ కొట్టినట్టు కొడతాయి, ఈమెకి ఎవరూ నేర్పలేదు అని.

మీకెలా తెలుసన్నా.

మీ ఆయన పుట్టకముందు ఆ బోర్డు మీంచే దూకేదాన్ని అని చెప్పి, మొక్కలకి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయారు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగా. అమ్మా? స్టూలెక్కి బల్బు మార్చడానికి కూడా నన్నే పిలుస్తుంది అని నవ్వాడు. అత్తయ్య మజ్జిగ పోసుకున్నారు.

ఫిబ్రవరి 24

అత్తయ్య కింది బోర్డు మీంచి దూకారు! కాళ్లు ముందు పెట్టి, మామూలుగా దూకడమే. అయినా ఈల ఊది ఊది ఎర్రబడిపోయాడు.

గట్టెక్కాక చెప్పారు. చిన్నప్పుడు ఊరి డైవింగ్ టీమ్‌లో ఉండేవారట. తర్వాత పెళ్లి, పిల్లలు, ఇల్లు. ఎవరూ మానమనలేదట. ఒకరోజు కుదరలేదు, ఇంకోరోజు కుదరలేదు, అంతే. మాకెందుకు చెప్పలేదన్నా. ఎవరడిగారు అన్నారు. ఏ కోపమూ లేదు మాటలో. అదే నాకు గుచ్చుకుంది. ఇన్నేళ్ల కోడలిని, ఆవిడ మోకాళ్ల గురించి తప్ప ఏమీ అడగలేదు.

ఆ బొమ్మ వీడియో తీసెయ్యి, నేను దూకుతా, నన్ను తియ్యి అన్నారు. ఈ వయసులోనా అన్నా. అది డాక్టర్ని అడుగు, నువ్వు డాక్టరువి కాదు అన్నారు.

ఫిబ్రవరి 27

డాక్టరమ్మ చెవులు, గుండె, బీపీ అన్నీ చూసింది. కింది బోర్డు మీద కొన్ని వారాలు చేశాకే పైది, అది కూడా లైఫ్‌గార్డ్ నీళ్లలో ఉంటేనే అంది. దూకడం కంటే నాకు ఆ మెట్లెక్కడమే భయంగా ఉంది, రెండు చేతులూ పట్టుకుని ఎక్కండి అని మరీమరీ చెప్పింది.

అత్తయ్య ఆటోలో నా చెయ్యి నొక్కి, వాడికి చెప్పకు, వాడికి కళ్లు తిరుగుతాయి అన్నారు. వాడంటే మా ఆయన.

మార్చి 12

రోజూ పొద్దున్నే. చేతులు చెవులకి ఆనించి ఒంగడం, కాలి వేళ్లు కలిపి మొనదేల్చడం, దూకడం. తోటి మోకాళ్ల నొప్పుల బ్యాచ్ అంతా నడక మానేసి చూస్తోంది. ఈల ఊదడం మర్చిపోతున్నాడు.

మార్చి 19

పై బోర్డు గొలుసు తీశాం. తాళం తుప్పు పట్టి రాకపోతే ఈల రంపంతో కోశాడు. మేనేజర్ వచ్చి బోర్డు బాగు చేసేవాళ్లని పిలిపించి, బోల్టులన్నీ మార్పించాడు. ఎందుకో అడగలేదు. అడిగితే వద్దనాల్సి వస్తుందని కావచ్చు.

మొదటి డైవ్ తప్పింది. భుజం నీళ్లకి పళ్లెం బోర్లా పడ్డట్టు తగిలింది. ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. పైకి తేలేసరికి భుజమంతా కందిపోయింది. నేను ఏడ్చేశా. ఇక చాలు అత్తయ్యా, టూల్‌తోనే చేసేస్తా, ఎవరికీ తేడా తెలీదు అన్నా.

"నాకు తెలుస్తుంది కదే" అన్నారు.

మార్చి 21

భుజం తగ్గింది. మళ్లీ ఎక్కారు.

మార్చి 27

వచ్చింది.

చేతులు, తల, నడుం, కాళ్లు, వేళ్లు, అన్నీ ఒకే దారిలో నీళ్లలోకి దిగిపోయాయి. నీళ్లు లేవలేదు. ఒక చిన్న వలయం, అంతే. ఈల నీళ్లలోనే ఉండి చప్పట్లు కొట్టాడు, కొడుతూ కొంచెం మునిగాడు.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం

ఎడిటింగ్. టికెట్ కిటికీలోనే, మనుషులు రానప్పుడల్లా. అంటే ఎప్పుడూ.

ప్లాన్ ఇది. అత్తయ్య వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడతారు. గరిటె పక్కన పెడతారు. మోకాళ్లు వంచుతారు. కట్. పై బోర్డు మీంచి గాల్లో ఉన్నారు. కిందికి పడుతుంటే చుట్టూ లోకాలు మారతాయి: మబ్బులు, ఒక పెద్ద గడియారం లోపలి పళ్ల చక్రాలు, ఎత్తైన పుస్తకాల అలమరాల మధ్య సందు, ఆఖరికి ఒక గాజు గ్లాసులోని టీ. ఆ టీ నీలంగా మారి పూల్ అవుతుంది. లోకాలన్నీ AI. మనిషి మాత్రం అసలు. ఆవిడ ఒంటి మీద ఒక్క పిక్సెల్ ముట్టుకోలేదు. జుట్టు అంచులు, కాలి వేళ్ల సందులు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ చేత్తోనే కత్తిరించినట్టు వేరుచేశా. కళ్లు మండుతున్నాయి. ఇంత సంతోషంగా పనిచేసి ఎన్నాళ్లైందో.

ఏప్రిల్ 3

పోస్ట్ చేశా. నవ్వు ఆగట్లేదు.

ఏప్రిల్ 4, ఉదయం

అమ్మో.

ఏప్రిల్ 4, సాయంత్రం

ఫోన్ వేడెక్కిపోయి గల్లాపెట్టె మీద పెట్టా. ఎక్కడెక్కడి వాళ్లో షేర్ చేస్తున్నారు. గాల్లో తేలిపోతున్నా.

తర్వాత కామెంట్లు చదివా. AI. AI. పక్కా AI. ఏ టూల్ వాడారండీ? ప్రాంప్ట్ పెట్టండి ప్లీజ్. బామ్మ మాత్రం సూపర్‌గా జనరేట్ అయింది.

అత్తయ్యకి చదివి వినిపించకుండా ఉండాల్సింది. పూరీలా ఉబ్బిపోయింది మొహం.

"నేను జనరేట్ అవడమేమిటే? మా అమ్మ కన్నది నన్ను!"

ఏప్రిల్ 5

ఎఫెక్టులన్నీ తీసేసి, ముడి వీడియో పెట్టా. వంటిల్లు లేదు, గడియారం లేదు. బోర్డు, మనిషి, నీళ్లు. ఇది ఇంకా మంచి AI అట. వెనక ఈల మునగడం మరీ సహజంగా ఉందట.

ఏప్రిల్ 6

ఒకే రోజు రెండు దెబ్బలు.

పొద్దున మేనేజర్. ఆఫీసు వాళ్లు వీడియో చూశారట. మొదట తిమింగలం, ఇప్పుడు ముసలావిడ, మీ పూల్లో నిజంగా ఉన్నవి చూపించుకోవడానికి ఏమీ లేవా అని అడిగారట. తీసెయ్యమన్నాడు. ఆవిడ నిజమని ఆయనకీ తెలుసు, ఆయన కళ్లారా చూశాడు. కానీ ఫోన్లో అది ఎలా చెప్పాలో తెలీలేదట.

మధ్యాహ్నం మా ఆయన. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తుంటే కస్టమర్ ఒకావిడ వీడియో చూపించి, ఈ బొమ్మ అచ్చం మీ అమ్మగారిలా ఉందండీ అందట. బొమ్మ కాదని ఆయనకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. నడుం మీద చెయ్యి పెట్టుకునే తీరు చూసి. ఏప్రన్ కూడా విప్పకుండా వచ్చేశాడు. కిటికీ బయట నిలబడి, మా అమ్మకి ఏమన్నా అయితే అన్నాడు. అంతే, మాట పూర్తి చెయ్యలేదు. అరిచినా బాగుండేది.

చెప్పకుండా దాచింది నిజమే.

ఏప్రిల్ 7

వీడియో తీసేద్దామనే కూర్చున్నా. వేలు బటన్ మీద ఉంది. అత్తయ్య నీళ్లలోంచి లేచి, స్విమ్ సూట్‌తోనే, నీళ్లు కారుతూ సరాసరి మేనేజర్ గదిలోకి వెళ్లారు. వెనకాల నేను. ఆయన బల్ల ముందు చిన్న మడుగు కట్టింది.

నేను ఉన్నానా లేనా అని అడిగారు ఆయన్ని.

ఉన్నారమ్మా అన్నాడు.

అయితే ఆదివారం గేట్లు తియ్యండి, మీ ఆఫీసు వాళ్లని కూడా రమ్మనండి, అందరి ముందూ దూకుతాను, నమ్మనివాళ్లు వచ్చి చూసుకుంటారు అన్నారు. ఆయన సరేనన్నాడు.

పిలుపు వీడియో నేనే చేశా. ఎఫెక్ట్ ఒక్కటీ లేదు. అత్తయ్య కెమెరాలోకి చూస్తూ ఒక్క మాట.

"ఆదివారం పొద్దున రండి. మీ ఫోన్లు మీరే తెచ్చుకోండి."

ఏప్రిల్ 9

మా ఆయన మాట్లాడట్లేదు. అత్తయ్య ఆయన పక్కన కూర్చుని, డాక్టరమ్మ ఏం చెప్పిందో అంతా పూసగుచ్చినట్టు చెప్పారు. ఆయన గోడకేసి చూస్తూ విన్నాడు. చివర్లో, చెవుల్లోకి నీళ్లు పోవా అని అడిగాడు.

ఏప్రిల్ 12, ఆదివారం

వరసగా రాస్తా.

పొద్దున నేను వెళ్లేసరికే గేటు బయట లైను. లైను మూల తిరిగింది. టికెట్లు అయిపోతే మేనేజర్ పాత రసీదుల వెనక సంతకం పెట్టి ఇచ్చాడు. పూల్ చుట్టూ నాలుగు వైపులా మనుషులు, మెట్ల మీద, గోడ మీద, బట్టలు మార్చుకునే గదుల పైకప్పు మీద కూడా. అందరి చేతుల్లో ఫోన్లు. ఆఫీసు నుంచి ఇద్దరు బూట్లతో వచ్చి గట్టు మీద కుర్చీల్లో కూర్చున్నారు. మా ఆయన లోతు వైపు, బోర్డు కిందే, తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు.

ఈల నీళ్లలోకి దిగాడు. అత్తయ్య రెండు చేతులతో పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. కింద ఎవరో గట్టిగా, ఆవిడ నిజంగానే ఉందిరోయ్ అన్నారు. అందరూ నవ్వారు.

బోర్డు చివర నిలబడ్డారు. నిలబడే ఉన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. ఫోన్లన్నీ పైకెత్తి అలాగే ఉండిపోయాయి. ఆవిడ కదలట్లేదు. ఈ జనాన్ని పిలిచింది నేను. ఆ గొలుసు తీయించింది నేను. ముందు ఆ బొమ్మ చేసిందీ నేనే. పైకెక్కి చెయ్యి పట్టుకుని దింపేద్దామని మెట్లదాకా పరుగెత్తా. మా ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు. ఉండు, అమ్మ ఏదో చూస్తోంది అన్నాడు.

అప్పుడు అత్తయ్య పైనుంచి, మమ్మల్ని పిలిచే గొంతుతోనే, "ఆ మూల ఎర్ర చొక్కా అబ్బాయ్! లైటు ఆపు నాయనా, కళ్లలో కొడుతోంది!" అన్నారు.

అతను ఆపాడు.

ఆవిడ చేతులెత్తారు. దూకారు.

నేను కెమెరాలోంచి చూడలేదు. నా కళ్లతో చూశా. ఎంత మెల్లగా పడ్డారో! స్లో మోషన్ నేను పెట్టింది కాదు. ఒళ్లంతా ఒక గీత అయింది. నీళ్లు తెరుచుకుని, మూసుకున్నాయి. ఒక వలయం.

అత్తయ్య తల బయటికి వచ్చింది. అప్పుడు లేచింది చూడు అరుపు! పైకప్పు మీదవాళ్లు కప్పుని కాళ్లతో తన్నుతున్నారు. ఆఫీసు వాళ్లిద్దరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, గట్టు మీది తడిలో బూట్లు నానినట్టు కూడా తెలీదు వాళ్లకి. ఈల ఈల వేస్తూనే ఉన్నాడు.

మా ఆయన బట్టలతోనే పూల్ మెట్ల మీద మోకాళ్ల లోతుకి దిగి తువ్వాలు చాపాడు. ఆవిడ ఈదుకుంటూ వచ్చి, ఆయన్ని దాటి నన్ను చూసి అడిగారు, కాలి వేళ్లు ఎలా ఉన్నాయే అని.

కలిసే ఉన్నాయి అత్తయ్యా అన్నా.

ఏప్రిల్ 13

పడుకుని ఉంటే ఒక ఆలోచన తట్టింది. అన్ని వైపుల నుంచీ అన్ని ఫోన్లు. ఒకే క్షణం.

ఏప్రిల్ 14

వీడియోలు పంపమని అడిగా. వచ్చిపడుతున్నాయి. పైకప్పు నుంచి, గోడ మీంచి, ఎవరి భుజం మీంచో. ఎర్ర చొక్కా అబ్బాయి కూడా సారీ చెప్పి పంపాడు.

ఏప్రిల్ 16, మధ్యాహ్నం

అత్తయ్య గాల్లో సగం దూరంలో ఉన్న ఒకే ఒక్క క్షణం. ప్రతి ఫోన్లోంచీ ఆ ఫ్రేమ్ తీసి, పూల్ చుట్టూ వాళ్లు నిలబడ్డ వరసలో పేర్చా. ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఖాళీ ఉన్నచోట AI టూల్ ఆ మధ్య ఫ్రేములు నింపింది. ఈసారి చెప్పిన మాట విన్నది. చుట్టూ అన్ని అసలు ఫొటోలుంటే దానికి ముడతలు తీసేసే సందే దొరకలేదు పాపం. రంగులు కలిపా, కుదుపులు తీశా. ప్లే నొక్కా.

లోకమంతా ఆగిపోయింది. ఆవిడ గాల్లో తలకిందులుగా ఉన్నారు. కెమెరా ఆవిడ చుట్టూ తిరుగుతోంది. వెనకాల నోరు తెరిచిన మొహాలు, ఎత్తిన చేతులు, తువ్వాలు పట్టుకున్న మా ఆయన, నీళ్లలో ఈల, పైకప్పు, ఆకాశం, మళ్లీ మొహాలు. ఒక చుట్టు పూర్తయ్యాక కాలం కదిలింది. నీళ్లు తెరుచుకున్నాయి.

కిటికీలో ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టుకున్నా. టికెట్ కోసం వచ్చినాయన భయపడ్డాడు.

ఏప్రిల్ 17

పోస్ట్ చేశా. కింద ఒకటే మాట రాశా: ఎడిటింగ్, AI నావి. దూకింది మా అత్తయ్య.

ఏప్రిల్ 18

AI అని ఒకడు కామెంట్ పెట్టాడు. వాడి కింద జవాబులు: నేనక్కడే ఉన్నా. పైకప్పు మీద ఎడమ నుంచి మూడోవాడు మా అన్నయ్య. ఆ ఎర్ర చొక్కా నేనే, నన్నే తిట్టింది ఆవిడ. నా మీద నీళ్లు కూడా పడలేదు, అంత శుభ్రంగా దూకింది.

నేనొక్క మాట కూడా రాయాల్సిన పని లేకపోయింది. అత్తయ్య అన్నీ చదివించుకున్నారు. రెండుసార్లు.

ఏప్రిల్ 22

అరవై దాటినవాళ్లకి డైవింగ్ నేర్పుతారా అని ఫోన్లు. ఈల అందరికీ నేర్పుతాం అంటున్నాడు. ఎవరు నేర్పుతారో ఇంకా ఎవరూ అత్తయ్యని అడగలేదు. నేను వెళ్లి అడిగా. అడిగినందుకు ఆవిడ నా మొహంకేసి చూసి, సరే అన్నారు.

ఏప్రిల్ 30

పూల్ ఉంటుంది!

మేనేజర్ కాగితం ఊపుకుంటూ గట్టు మీద పరుగెత్తాడు. గట్టు మీద పరుగెత్తొద్దని ఈల ఊదాడు. పై బోర్డుకి కొత్త మెట్లు, రెండు వైపులా పట్టుకునే కమ్మీలు వేస్తారట. మా ఆయన అద్దాలు అరగదీసే చేతులతో అత్తయ్యకి ఈతకి పెట్టుకునే కళ్లజోడు చేశాడు, ఆవిడ పవర్‌తో. ఇచ్చేటప్పుడు, ఇకనుంచి ముందు నాకు చెప్పు అన్నాడు, అంతే. ఆవిడ పెట్టుకుని, నీ గడ్డం ఇంత నెరిసిందేమిట్రా అన్నారు.

మే 3, ఆదివారం

ఇవాళ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు, చూడ్డానికి వచ్చినవాళ్లు అందరూ ఒకేసారి నీళ్లలోకి దిగారు. పూల్ పొంగింది. నీళ్లు గట్టు దాటి, నడవ వెంట వచ్చి, నా టికెట్ కిటికీ ముందు నుంచి జనం విప్పిన చెప్పులన్నీ తేలుకుంటూ బయటికి, రోడ్డు మీదకి వెళ్లిపోతున్నాయి.